మారిందా, మార్చారా?

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఏలూరు నుంచి రైల్లో గంట ప్రయాణం కూడా వుండదు గానీ, వచ్చి ఆర్నెల్లయిందని అక్క గుమ్మంలోనే దెప్పింది. లోపల వాళ్ళమ్మాయి నట్టింట్లో చాప పరుచుకుని, చుట్టూ కాగితాలు పోసుకుని కూచుంది. బి.టెక్. ఆఖరు సంవత్సరం. పై చదువుకి విదేశం వెళ్ళాలంటే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలిట. మా రోజుల్లో ఇంటర్లో ఇంగ్లీషు గట్టెక్కితే గుళ్ళో కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. వీళ్ళ రోజుల్లో అది సరిపోవడం లేదు.

"పిన్నీ, నువ్వు రచయిత్రివి కదా! ఈ మాటలు కాస్త అప్పజెప్పించుకో" అని మూడు కాగితాలు నా చేతిలో పెట్టింది.

నేను రాసేది తెలుగు నవలలు. కానీ ఎప్పుడో బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న పాపానికి మా బంధువర్గంలో ఇంగ్లీషు ఉత్తరాలూ, అప్లికేషన్లూ అన్నీ నా నెత్తినే పడుతుంటాయి. కాగితం చూశాను. మార్పునీ, కారణాన్నీ, ఫలితాన్నీ వర్ణించడానికి వాడవలసిన ఉన్నతస్థాయి పదాలట. "తగ్గింది" అనడానికి ఒక పేజీ నిండా మాటలు. కొద్దిగా తగ్గితే ఒకటి, నెమ్మదిగా క్షీణిస్తే డ్విండిల్, నిట్టనిలువునా పడిపోతే ప్లమ్మెట్. పెరిగినందుకు ఇంకో పేజీ. కారణానికి వేరే పేజీ. ట్రిగర్, స్టెమ్ ఫ్రమ్, గివ్ రైజ్ టు, ఎగ్జాసర్‌బేట్... ఈ చివరిది పలికేసరికి నాకు పన్ను కదిలినంత పనైంది. అది చూసి పిల్ల ఒకటే నవ్వు.

ఆ పరీక్షలో రాతకి సంబంధించి రెండు ప్రశ్నలుంటాయి. మొదటిదానికి ఇరవై నిమిషాలు. ఏదో గ్రాఫో, పట్టికో, ఒకే చోటు అప్పుడెలా వుండేది, ఇప్పుడెలా వుంది అని రెండు పటాలో ఇస్తారు. చూసి 150 మాటలకి తగ్గకుండా మార్పుని వర్ణించాలి. రెండోది 250 మాటల వ్యాసం.

"లండన్ పక్కన ఏదో వూరి పటాలెందుకే? మన కొల్లేరు తీసుకుని రాయి. అప్పుడూ, ఇప్పుడూ" అన్నాను.

దానికీ ఉత్సాహం వచ్చింది. ఫోనులో ఏవో పటాలు చూసుకుంది. గడియారం ముందు పెట్టుకుని రాసింది. అక్క కాఫీ తెచ్చేలోపు కాగితం చేతికొచ్చింది. చక్కటి ఇంగ్లీషు. తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా వుంది: సరస్సు విస్తీర్ణం గణనీయంగా క్షీణించింది. నీటి ప్రాంతంలో అధికభాగం చేపల చెరువులుగా మార్చబడింది. తత్ఫలితంగా పక్షులు తగ్గుముఖం పట్టాయి. వరద ముప్పు తీవ్రతరమైంది.

"బావుందే. కానీ ఎవరు మార్చారు?" అన్నాను.

"అది రాయక్కర్లేదు పిన్నీ. పాసివ్ వాయిస్‌లో రాస్తే కర్త లేకపోయినా ఫరవాలేదు. మార్కులు కూడా బాగా పడతాయని మా సారు చెప్పారు."

ఆ సారు చెప్పింది పరీక్షకి సరైనదే. పటం చూసి కర్త పేరెలా రాస్తారు? పటంలో గట్లు కనిపిస్తాయి గానీ, గట్టు వేసినవాళ్ళు కనిపించరు గదా. నేను మాట్లాడకుండా కాఫీ తాగాను. కానీ సాయంత్రం రైల్లో దెందులూరు దాటేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కారణం మీకు తర్వాత చెబుతాను. చెప్పడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి.

మన తెలుగులో ఒక తమాషా వుంది, ఎప్పుడైనా గమనించారా? క్రియలన్నీ జంటలు జంటలుగా కాపురం చేస్తాయి. మారు-మార్చు. కూలు-కూల్చు. మునుగు-ముంచు. కాలు-కాల్చు. నిండు-నింపు. చెడు-చెరుపు. పోవు-పోగొట్టు. ఒకటి దానంతటది జరిగేది. రెండోది ఎవరో ఒకరు పూనుకుంటే గానీ జరగనిది. వ్యాకరణంలో అకర్మక క్రియలనీ, సకర్మక క్రియలనీ చదువుకున్నాం. చదువుకోకపోయినా నాలుగేళ్ళ పిల్లాడికి ఈ తేడా పుట్టుకతోనే తెలిసినట్టుంటుంది. గ్లాసు చేతిలోంచి జారి ముక్కలైనప్పుడు వాడు వంటింట్లోకొచ్చి ఏమంటాడు? "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటాడు. "పగలగొట్టాను" అన్న పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళలోనూ చూడలేదు. మావారు స్కూటరు గేటుకి గుద్దితే "స్కూటరు తగిలింది" అంటారు. నేను పప్పు మాడబెడితే "పప్పు మాడింది" అంటాను.

పొరపాటున కూడా మనం క్రియని మార్చం. అదే పక్కవాళ్ళ పప్పయితే మాత్రం "మాడబెట్టింది" అని చప్పున వస్తుంది.

కారణం చెప్పే విభక్తుల సంగతీ అంతే. బళ్ళో చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయ, వలనన్ కంటెన్ పట్టి పంచమి అని వల్లె వేశాం. పుస్తకంలో అవి ఉప్పూపులుసూ లేని మాటలు. ఇంట్లోకొచ్చేసరికి వాటికి రుచి పుడుతుంది. మేలు జరిగితే "మీ దయ వల్ల", "మీ చలవ వల్ల". కీడు జరిగితే "వాడి నిర్వాకం వల్ల". ఇక "వాడి పుణ్యమా అని" అన్నామంటే అది దీవెనో, తిట్టో గొంతు వింటే గానీ తెలీదు. మా అమ్మాయి కాగితంలో కారణానికి అన్ని మాటలున్నా, ఈ పుణ్యమా అనికి సాటివచ్చేది ఒక్కటీ లేదు.

సర్కారు తెలుగు ఇంకో రకం. అక్కడ అన్నీ చేయబడతాయి. చెట్లు కొట్టివేయబడినవి, రోడ్డు వేయబడినది, అర్జీ తిరస్కరించబడినది. ఈ బడు అనే ప్రత్యయం మనింట్లో ఎవరి నోటా రాదు. "అన్నం వండబడింది, రండి" అని ఏ ఇల్లాలైనా పిలుస్తుందా? ఎందుకంటే వండిందెవరో ఇంట్లో అందరికీ తెలుసు. తెలియకూడనిచోటే దాని అవసరం.

ఇప్పుడు కొల్లేరు దగ్గరికి వద్దాం.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లూ, లెక్కలేనన్ని కాలవలూ, డ్రెయిన్లూ అందులో కలుస్తాయి. నీళ్ళు సముద్రానికి పోవడానికి వున్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. అంటే పైనుంచి ఎన్ని నీళ్ళొచ్చినా పట్టి వుంచి, నెమ్మదిగా కిందికి వదిలే పెద్ద గాబులాంటిది అన్నమాట. ఆ గాబు మధ్యలో గట్లు కడితే నీళ్ళు ఎక్కడ వుంటాయి? వూళ్ళల్లో వుంటాయి. లోపల నీటి ఒత్తిడి చాలక ఎండాకాలంలో సముద్రపు ఉప్పు ఉప్పుటేరు పట్టుకుని పైకి ఎగబాకుతుంది. 1999లో అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, దాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. రామ్సర్ ఇరాన్‌లో ఒక వూరు. చిత్తడి నేలల్ని కాపాడుకోవాలని 1971లో కొన్ని దేశాలు అక్కడ ఒప్పందం రాసుకున్నాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఆపరేషన్ కొల్లేరు అని పేరుపెట్టి అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

చూశారా! లేచాయి అన్నాను. పొద్దున్నే నిద్రలేచినట్టు గట్లు వాటంతటవే లేచాయిట. ఇంతసేపూ క్రియల గురించి మీకు పాఠం చెప్పిన మనిషిని!

ఇక ధైర్యం కూడగట్టుకున్నాను, చెబుతాను. కొల్లేరు ఒడ్డున మా నాన్నగారికి నాలుగెకరాల జిరాయితీ వుండేది. వరి వేస్తే మూడేళ్ళకి రెండేళ్ళు మునిగేది. 1994 వేసవిలో చుట్టుపక్కల రైతులందరితో పాటు మా పొలమూ చెరువైంది. ("అయింది"ట! సరే, రాసింది కొట్టెయ్యను, వుండనివ్వండి.) బొచ్చె, శీలావతి పిల్లల్ని వేశారు. కోళ్ళ ఎరువూ, తవుడూ బస్తాలు బస్తాలుగా వెళ్ళేవి. రెండేళ్ళకే ఇంటికి డాబా వచ్చింది. అక్క పెళ్ళి అయింది. నేను కాలేజీలో చేరి బి.ఏ. చదివాను. ఇంగ్లీషు కవుల్ని వల్లె వేసిన ఆ మూడేళ్ళ ఫీజూ, హాస్టలు ఖర్చూ చేపలు పెట్టినవే.

అంతకు పూర్వం మా ఇంటికి చేపలు ఒక ముసలావిడ తెచ్చేది. లంకగ్రామం మనిషి. ఆవిడ భర్త తాటిదోనె మీద వెళ్ళి కొల్లేట్లో పట్టిన కొరమీనులు తడిబుట్టలో వేసుకుని, తెల్లారకుండా బయల్దేరి వచ్చేది. బతికున్న చేప బుట్టలో టపటపమని కొట్టుకుంటుంటే నేను భయపడి అమ్మ వెనకాల దాక్కునేదాన్ని. "ఏం చెయ్యదండి అమ్మాయిగారూ, మీకంటే దానికే భయమండి" అనేది. ఎవరూ రమ్మనకుండానే పండగకి వచ్చి మా చేతుల్లో రెండు తామర కాయలు పెట్టి వెళ్ళేది. మా చెరువులు వచ్చాక ఆవిడ రావడం మానేసింది. మా ఇంట్లో అందరం అలాగే చెప్పుకున్నాం, "పాపం, పెద్దదైపోయింది, రావడం మానేసింది" అని.

ఏడెనిమిదేళ్ళ తర్వాత కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థంలో కనబడింది. నడుం వంగిపోయింది, చూపు ఆనడం లేదు, అయినా గొంతు పట్టి నన్ను పోల్చుకుంది. కుశలప్రశ్నలయ్యాక ఏదో అనాలి గనక, "కొల్లేరు పోయిందే మామ్మా" అన్నాను. నవలలు రాయడం అప్పుడే మొదలుపెట్టాను. గొంతులో బాగానే విచారం పలికించాను కూడా.

ఆవిడ నా చెయ్యి వదలకుండానే, "పోలేదండి అమ్మాయిగారూ, పోగొట్టారండి" అంది.

కోపంగా అనలేదు. తప్పు దిద్దినట్టు అంది. మా తెలుగు మాస్టారు కాపీపుస్తకంలో ఒక్క అక్షరం కొట్టేసి పైన సరైనది రాసినట్టు. "పోగొట్టారు" అంది గానీ "పోగొట్టారండి మీరు" అనలేదు. అది ఆవిడ మర్యాద. ఆ వదిలేసిన మాట ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే వుంది.

మారింది అనడం నుంచి మార్చారు అనడానికి రావడం కొంచెం కష్టమే గానీ, వచ్చేస్తాం. పేపరు చదివేవాళ్ళందరం వచ్చేస్తాం. వ్యాపారులు మార్చారు, నాయకులు మార్చారు, అధికారులు చూస్తూ వూరుకున్నారు. ఎంత హాయిగా వుంటుందో అలా అంటుంటే! మార్చారు దగ్గర్నుంచి మార్చాం అనే మాట దగ్గరికి రావాలి చూడండి, అక్కడ నోరు పెగలదు. ఒక్క అక్షరమే తేడా. నేను ఇంతవరకు రాసిన నవలల్లో ఎక్కడా ఆ క్రియ వాడలేదు.

మా నాన్నగారి పక్షాన కూడా చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. 1970లలో సహకార సంఘాల పేరిట చేపల చెరువులకి దారి చూపించింది ప్రభుత్వమే. బ్యాంకు అప్పిచ్చింది. పక్క పొలాలన్నీ చెరువులైతే నడుమ మా నాలుగెకరాల్లో వరి ఎలా పండుతుంది? వూటకి నాశనమయ్యేది. "మన నాలుగెకరాల వల్లే కొల్లేరు పాడైపోయిందా?" అని ఎవరైనా అడిగితే, నిజంగా కాదు. మా నాలుగెకరాలు లేకపోయినా కొల్లేరు ఇలాగే వుండేది. ప్రతివాడి నాలుగెకరాలకీ ఇదే వాదం వర్తిస్తుంది. అందరివీ కలిపితే కొల్లేరు. మరి ఎవరిది కారణం? గింజగింజకీ కారణం లేదు, రాశికి మాత్రం వుంది. ఈ లెక్క నాకెప్పుడూ తేలలేదు. లెక్కల్లో మొదట్నుంచీ మొద్దునే లెండి.

ఇలాంటిచోట మనకి ఒక మాట వెంటనే దొరుకుతుంది: "నేను నిమిత్తమాత్రుణ్ణి." తప్పుకోవడానికి ఇంత గౌరవంగా వుండే మాట ఇంకోటి లేదు. తీరా తర్కశాస్త్రం తిరగేస్తే నిమిత్త కారణం అంటే ఎవరనుకున్నారు? కుండకి మట్టి ఒక కారణం. నిమిత్త కారణం సాక్షాత్తూ కుమ్మరి! చేసినవాడే నిమిత్తం. మనమేమో ఆ పేరు పెట్టుకునే చెయ్యలేదంటున్నాం. కర్మ అన్న మాటకీ అదే గతి పట్టింది. వ్యాకరణంలో కర్త చేసే పని ఎవరి మీద పడుతుందో అది కర్మ. ఇంట్లోనేమో "నా కర్మ" అంటే కర్త లేడని అర్థం.

అలాగని ప్రతిదానికీ కర్తని పట్టి లాగడం న్యాయమేనా అంటే, అదీ కాదు. కాకి వాలింది, తాటిపండు రాలింది అన్నారు. ముందు జరిగిందల్లా కారణం కాదని చెప్పడానికి మనవాళ్ళు ఆ న్యాయం ఎప్పుడో పెట్టారు. 2020 డిసెంబరు మొదటివారంలో మా ఏలూరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే వుంటుంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఫిట్స్ వచ్చి పడిపోయేవాళ్ళు. పిల్లలూ, పెద్దలూ. నాలుగైదు రోజుల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు చూడాలి, వీధికొక కారణం పుట్టింది. కుళాయి నీళ్ళన్నారు, కూరగాయలన్నారు, కరోనాకి చల్లిన మందన్నారు. మా పక్కింటావిడ పాలవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. ఏ పాపమూ ఎరగని ఆ మనిషి నెలరోజులు వీధి చివర నిలబడి పాలు పోశాడు. ముందు రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని చెప్పారు. అవి అంతమందిలోకి ఏ దారిన వచ్చాయన్నది మాత్రం స్పష్టంగా తేలలేదు. అటువంటి సమయంలో మా అమ్మాయి కాగితంలోని మెత్తటి మాటలే మంచివి. "కారణమై వుండవచ్చు", "కొంతమేరకు దోహదం చేసినట్టు కనిపిస్తోంది." తెలియనప్పుడు తెలియదన్నట్టు మాట్లాడటం కోసం ఆ మాటలు పుట్టాయి. తెలిసినప్పుడు కూడా వాటినే కప్పుకుంటే, అప్పుడు గొడవ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగింది. ఆ నీళ్ళన్నీ తర్వాత కొల్లేట్లోకే వచ్చాయి. ఏలూరు కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి, లంకగ్రామాల్లో రోజుల తరబడి కదల్లేదు. వాన కురిసింది. అక్కడ అకర్మక క్రియే న్యాయం, వానని మనమెవరం కురిపించలేదు. నీళ్ళు నిలిచాయి అన్నచోట మాత్రం నాకు మామ్మ చెయ్యి మళ్ళీ తగిలినట్టయింది.

మొన్న శనివారం అక్కా, వాళ్ళమ్మాయీ ఏలూరు వచ్చారు. మా నాన్నగారు నా దగ్గరే వుంటున్నారు. ఎనభై దాటాయి. వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం పదునే. భోజనాలయ్యాక వరండాలో వాలుకుర్చీలో కూచున్నారు. పిల్ల పరీక్ష కబుర్లు చెబుతూ చెబుతూ, ఆ కాగితం సంగతి గుర్తొచ్చిందేమో, నేను వద్దని కళ్ళతో సైగ చేస్తున్నా చూడకుండా గట్టిగా అడిగేసింది.

"తాతయ్యా, కొల్లేట్లో మన చెరువు ఎవరు తవ్వారు?"

ఇరవై ఏళ్ళుగా నేను అడగలేని ప్రశ్న. నా గుండె ఝల్లుమంది. ఆయన మాత్రం పంచాంగంలో తిథి చెప్పినంత మామూలుగా, "మేమే తవ్వించాం" అన్నారు.

అంతటితో ఆగలేదు. పొక్లెయిను గంటకి ఎంత తీసుకుందో, డీజిలు ఎన్ని పీపాలైందో, గట్టు మూడుసార్లు జారితే మూడుసార్లు ఎలా కట్టించారో అన్నీ చెప్పారు. తవ్వినప్పుడు ఆ మట్టిలోంచి ఎంతెంత కొరమీను పిల్లలు బయటపడ్డాయో చెప్పారు. "కాకులూ కొంగలూ ఆ రోజంతా కదల్లేదు" అన్నారు. "చేపల ముసలావిడ అప్పుడొకసారి వచ్చి గట్టు మీద నించుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు" అన్నారు. కాసేపు వూరుకుని, మజ్జిగ కావాలన్నారు.

నేను లోపలికి వెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చేసరికి పిల్ల ఫోను పక్కన పెట్టేసి, పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తోంది.

"పిన్నీ, తవ్వించాం అన్నదానికి ఇంగ్లీషులో ఏమనాలి? ఇందులో లేదు" అని మూడు కాగితాలూ తిరగేసి చూపించింది.

ఇద్దరం వెతికాం. నిజమే, లేదు. మార్జిన్‌లో నేను పెన్సిలుతో రాసిచ్చాను. ఉన్నతస్థాయి పదమేమీ కాదు, వుయ్ హాడ్ ఇట్ డగ్. అన్నీ చిన్నప్పటి మాటలే.